మైనం మీద మెట్లు

దిల్‌సుఖ్‌నగర్,
శ్రావణ బహుళ పంచమి.

మావయ్య గారికి,

మనం బాగుచేసిన టీచరుగారి వీణ క్షేమంగా చేరింది. ఆ మాట ముందు రాయకపోతే మిగతా ఉత్తరం మీరు చదవరని నాకు తెలుసు. నాగావళిలో పై బెర్తు దానికిచ్చి, కింద సీటు చివర నేను కూర్చున్నాను. టీసీ వచ్చి దుప్పట్లు చుట్టిన ఆ మూటని చూసి, "ఇందులో మనిషున్నాడా ఏంటయ్యా?" అన్నాడు. "మనిషి కాదండీ, బొబ్బిలి గొల్లపల్లి వీణ" అన్నాను. నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. కుండ మీద గీత పడలేదు. యాళి నాలుక విరగలేదు. బిరడాలు బిగువుగానే ఉన్నాయి. టీచరుగారు ఒళ్ళో పెట్టుకుని మంద్రం నుంచి ఒక్కో మెట్టూ నొక్కి చూసి, పై స్థాయిలో రెండు మెట్లు వెంట్రుకవాసి తక్కువ పలుకుతున్నాయన్నారు. అక్కడే దీపం వెలిగించమని అడిగి సర్దిచ్చాను. ఆవిడ చెవికి దండం పెట్టాలి.

మైనంలో నిలిపిన మెట్ల మేళం ఎలా జారిందో కూడా తేలింది. మనం అనుకున్నట్టు ఎవరూ పడెయ్యలేదు. మే నెలలో ఏదో పెళ్ళి కచేరీకి తీసుకెళ్ళి, భోజనాలయ్యేదాకా ఎండలో, అద్దాలు బిగించిన కారు వెనక సీట్లో ఉంచేశారట. తలుపు తీసేసరికి మెట్లన్నీ ఓ పక్కకి ఒరిగిపోయి, నల్లటి మైనం దండి అంచున కారుతోందట. ఆ సంగతి చెబుతూ ఆవిడ ఇప్పటికీ కళ్ళు తుడుచుకుంటున్నారు.

"వింతలుంటే రాయి, ఫోన్లో చెప్పకు, ఫోన్లో విన్నది మర్నాటికి ఉండదు" అన్నారు కదా. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, దారిలో చూసినదల్లా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైగారికి రాసి పంపితే అదే కాశీయాత్ర చరిత్ర అయింది. ఆయనా హైదరాబాదు మీదుగానే వెళ్ళారు. ఆయన వెంట పల్లకీ, బోయీలు, గుడారాలు ఉన్నాయి. నా వెంట ఉలుల సంచీ, మైనం డబ్బా. కాబట్టి వింతలు కూడా ఆ మేరకే ఉంటాయి, సర్దుకోండి.

దిల్‌సుఖ్‌నగర్ విజయవాడ రోడ్డున వచ్చేవాళ్ళకి హైదరాబాదు గుమ్మం. రోడ్డు నడుమ వరసగా స్తంభాలు, వాటి మీద రైలు. మలక్‌పేట, న్యూమార్కెట్, మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్‌బీ నగర్ అని స్టేషన్లు. 2018 సెప్టెంబరులో ఈ ముక్క మొదలైంది. ఎల్‌బీ నగర్‌తో లైను ఆఖరు. అక్కడ దిగినవాళ్ళు ఒకరు సూర్యాపేట వైపు, ఒకరు నాగార్జునసాగర్ వైపు, ఒకరు రింగు రోడ్డు మీదికి విడిపోతారు. స్తంభాల కింద చెప్పులు, చున్నీలు, ఫోన్ కవర్లు పరిచి అమ్ముతుంటారు. తల పైకెత్తితే కోచింగు బోర్డులు. గ్రూప్స్, బ్యాంకు, కానిస్టేబులు, సాఫ్ట్‌వేరు. సందుల్లోకి వెళ్తే హాస్టళ్ళు, హాస్టళ్ళ పక్కన కర్రీ పాయింట్లు. మన శ్రీకాకుళం, విజయనగరం గుంటలు కూడా బోలెడుమంది ఉన్నారు. మన యాస చెవిన పడి నేను రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను.

గడ్డిఅన్నారం పళ్ళ మార్కెట్టు గురించి మీరు చెప్పింది ఇప్పుడు లేదు. మార్కెట్టు ఊరి బయట బాటసింగారానికి వెళ్ళిపోయింది. అయినా ఆటోవాళ్ళకి "పళ్ళ మార్కెట్టు" అంటేనే తెలుస్తుంది.

ఇక అసలు వింత. హాస్టలు కిటికీల్లో ఆరేసిన తువ్వాళ్ళ పక్కన గిటార్లు వేలాడుతుంటాయి. ఇంతమంది వాయిస్తే బాగుచేసేవాడు ఎక్కడో ఉండాలి కదా అని వెతికాను. చైతన్యపురి వైపు ఓ సందులో దొరికాడు. ముందు కీబోర్డులు, గిటార్లు అమ్మే కొట్టు, వెనక గదిలో బల్ల. నల్లగొండ కుర్రాడు, పాతికేళ్ళుంటాయి. నా సంచీలో ఉలి చూడగానే స్టూలు జరిపాడు. ఆ తర్వాత రోజూ సాయంత్రం నా మకాం అక్కడే.

అతని పని చెబుతాను, మీకు నచ్చుతుంది. గిటారు మెడ మీద మెట్లు మనలా మైనంలో ఉండవు. చెక్కలో సన్నగా గాడి కోసి, లోహపు తీగముక్కని సుత్తితో దిగ్గొడతారు. కొన్నాళ్ళకి కొన్ని అరిగి, కొన్ని ఎగిసి, తీగ బరబరలాడుతుంది. అప్పుడతను తీగలన్నీ విప్పేసి, ప్రతి మెట్టు నెత్తి మీదా నల్ల మార్కరు పెన్నుతో గీత పూస్తాడు. ఆపైన తిన్నని ఉక్కుపట్టీకి గరుకు కాగితం అంటించి మెడ పొడవునా రుద్దుతాడు. ఎత్తుగా ఉన్న మెట్టు మీద నలుపు ముందే పోతుంది, పల్లంలో ఉన్నదాని మీద అలాగే ఉంటుంది. అన్నింటి మీదా ఒకేసారి నలుపు పోయేదాకా ఓపిగ్గా రుద్దుతాడు. తర్వాత సన్న ఆకురాయితో ఒక్కొక్కదాని నెత్తి మళ్ళీ గుండ్రంగా తీర్చుతాడు. చూస్తున్నంతసేపూ నాకు మాట రాలేదు.

ఇంకో సంగతి. ఆ మెడ లోపల ఇనుపఊచ ఉంటుంది! తీగల లాగుడుకి మెడ వంగినా, వానాకాలం చెమ్మకి మెలిపడినా, తల దగ్గర చిన్న తాళంచెవిలాంటిది పెట్టి తిప్పితే ఊచ బిగిసి మెడ తిన్నబడుతుంది. అమెరికాలో గిబ్సన్ కంపెనీ వాళ్ళు 1920ల్లో తెచ్చిన ఉపాయమట. మనం పనస దుంగ మెలిపడకుండా నీడన ఏళ్ళ తరబడి ఆరబెట్టి సాధించేదాన్ని వాళ్ళు ఒక మరతో సాధించారు. మీరు ఇది చదివి మూతి విరుస్తారు. నేనూ మొదట విరిచాను, కానీ పనిచేస్తోంది మావయ్యా.

మెట్లకి చోటు ఎలా గుర్తిస్తావయ్యా అనడిగితే ఫోనులో లెక్క చూపించాడు. తీగ మొత్తం పొడవుని 17.817తో భాగిస్తే మొదటి మెట్టు దూరం వస్తుంది. మిగిలిన పొడవుని మళ్ళీ అదే అంకెతో భాగిస్తే రెండోది. అలా పన్నెండుసార్లు చేస్తే తీగ సరిగ్గా సగమవుతుంది, స్థాయి పూర్తవుతుంది. పూర్వం పద్దెనిమిదితో భాగించేవారు. 16వ శతాబ్దంలో ఇటలీలో విన్చెంజో గలిలేయి అనే లూట్ వాద్యకారుడు చెప్పిన సూత్రం అది. గ్రహాలు చూసిన గెలీలియోకి ఈయనే తండ్రి. ఇప్పుడు చైనాలో చేసినా, అమెరికాలో చేసినా ఆ లెక్కే. అందుకే అక్కడి గిటారుని ఈ సందులో కుర్రాడు బాగుచెయ్యగలుగుతున్నాడు.

"మీరు ఏ నంబరు వాడ్తరన్నా?" అన్నాడు. నంబరు లేదు, చెవి అన్నాను. నమ్మలేదు. టీచరుగారింటికి తీసుకెళ్ళి చూపించాను. ఇరవై నాలుగు మెట్లు, రెండు స్థాయిలు, తంజావూరులో మన తెలుగు నాయకరాజు రఘునాథుడి కాలం నుంచి వస్తున్న అమరిక అని చెప్పాను. మైనం ఎందుకు, దిగ్గొట్టెయ్యొచ్చు కదా అన్నాడు. మన వీణలో గమకం పలకాలంటే తీగని మెట్టు మీద పక్కకి లాగాలి. లాగగా లాగగా కంచు మెట్టు నెత్తిన చారలు పడతాయి. ఆకురాయి పెట్టి చదును చేస్తే ఎత్తు తగ్గుతుంది, ఎత్తు తగ్గితే స్వరం మారుతుంది. మైనమైతే కరిగించి మళ్ళీ ఎత్తుకోవచ్చు, జరుపుకోవచ్చు. ఇది చెప్పాక అతను ఆ మేళం మీద వేలుపెట్టి చాలాసేపు చూశాడు. "గంటే ప్రతి వీణా వేరే వీణేనా?" అన్నాడు. అవునన్నాను.

ఇప్పటిదాకా రాసింది చూసి ఇదేనా వింత అనకండి. ఇంకా అసలు మనిషి రాలేదు.

ఒక సాయంత్రం ఆ కొట్లోకి ఒకాయన వచ్చాడు. అరవై దాటి ఉంటాయి. చొక్కా మీద సిమెంటు మరకలు, చేతిలో టిఫిను డబ్బా. కుర్రాడు ఏమీ అడక్కుండానే చెత్తబుట్ట పక్కన సీసాలో దాచిన పాత గిటారు తీగల ముక్కలు తీసిచ్చాడు. ఆయన వాటిని వేళ్ళ మధ్య లాగి, గోటితో మీటి, రెండు ఏరుకుని మిగతావి వెనక్కిచ్చేశాడు. దేనికి అంటే "కిన్నెరకు" అన్నాడు.

మావయ్యా, ఆయన వెంట వెళ్ళకుండా ఉండగలనా? ఎల్‌బీ నగర్ దాకా మెట్రోలో, అక్కణ్ణుంచి సాగర్ రోడ్డున బీఎన్ రెడ్డి నగర్ వైపు ఆటోలో వెళ్ళాం. సగం లేచిన అపార్టుమెంటుకి ఆయన వాచ్‌మన్. పాలమూరు మనిషి. ఈ తూర్పు హైదరాబాదు మేడల్లో సగం పాలమూరు వాళ్ళ చేతుల మీదే లేచాయంటారు. సిమెంటు బస్తాల గది, ఆ గది మూల చీరలో చుట్టి గోడకి తగిలించిన కిన్నెర.

అది చూసి మొదట నవ్వొచ్చినంత పనైంది, నిజం రాస్తున్నాను. ఒక వెదురుబొంగు, దాని కింద తాళ్ళతో కట్టిన మూడు సొరకాయ బుర్రలు, మధ్యది పెద్దది. బొంగు మీద ఏడు చిన్న మెట్లు. పైన నెమలీక, చివర రంగు వెలిసిన చెక్కపిట్ట. పిట్టకి కట్టిన దారం చివర ఆయన వేలికి ఉంటుంది, పాట ఊపందుకుంటే పిట్ట తలాడిస్తుంది. ఒకే దుంగలో తొలిచిన మన ఏకాండి వీణ పక్కన పెడితే ఇదేదో పిల్లల ఆటవస్తువులా ఉంది. ఆయన మీటాక ఆ నవ్వు ఎక్కడికి పోయిందో తెలీదు. గొంతు ఒక స్వరం దగ్గర ఆగితే కిన్నెర దాన్ని పట్టుకుని ముందుకు నడిపిస్తుంది. గొంతు, తీగ కలిసి ఒకే కథ చెబుతాయి. పండుగ సాయన్న కథ ఎత్తుకున్నాడు, ఉన్నవాడి దగ్గర దోచి లేనివాడికి పెట్టిన పాలమూరు వీరుడు. పక్క సైటు కూలీలు కూడా వచ్చి ఇసక కుప్ప మీద కూర్చున్నారు.

మధ్యలో తీగ మార్చాల్సొచ్చింది, ఒక మెట్టు ఊడొచ్చింది. అప్పుడు ఆయన బాగుచేసుకున్న తీరు మీకు చూపించాలనుంది. చొక్కా జేబులో చిన్న పొట్లం, అందులో రేగిపండంత తేనెమైనం. అగ్గిపుల్ల గీసి దాన్ని వెచ్చచేసి, బొటనవేలితో చూపుడువేలితో పిసికి, వెదురు మీద అంటించాడు. ఊడిన మెట్టు నీళ్ళ పైపు ముక్క. సైటులో మిగిలిన ప్లాస్టిక్ పైపు కోసి, గచ్చు మీద అరగదీసి చేసుకున్నాడట. దాన్ని మైనంలో నిలబెట్టి, మీటాడు. పెదవి విరిచి గోరంత ముందుకు జరిపాడు. మీటాడు. పాటలో ఒక ముక్క గొంతులోనే పాడి, మళ్ళీ కొంచెం వెనక్కి. నేను మేళం కట్టేటప్పుడు మీరు నా వెనక నిలబడి "ఇంకా, ఇంకా, ఆగు" అంటారే, ఆ మాటలన్నీ ఆయన తనలో తను అనుకుంటున్నట్టే ఉంది.

నా డబ్బాలో మైనం ఇచ్చాను. వాసన చూసి, గోటితో గిల్లి, "గుగ్గిలం మస్తు ఏసిండ్రు. గట్టిగుంటది, గని పలుగుతది" అన్నాడు. "మాది మెత్తగుండాలె. ఎండపొద్దు ఒకతీరు, సలిపొద్దు ఒకతీరు. ఊర్ల బట్టి, గొంతు బట్టి జరుపుకుంట." మనం మెట్టు కదలకూడదని పాటుపడతాం. ఆయన కదలాలని కోరుకుంటున్నాడు. కారులో ఎండకి కరిగిన టీచరుగారి వీణని బాగుచేయించడానికి మనిషి హైదరాబాదు నుంచి బొబ్బిలి దాకా రావాల్సొచ్చింది, ఈయన కిన్నెర అదే ఎండకి కరిగితే చెట్టు కింద కూర్చుని మళ్ళీ పెట్టుకుంటాడు.

ఈ మెట్లు పూర్వం దేనితో చేసేవారో తెలుసా? అలుగు పొలుసులతో. నల్లమల అడవిలో ఉండే పొలుసుల జంతువు, అలుగు. తీగలు వెంట్రుకలతో, జంతువుల నరాలతో పేనేవారట. ఇప్పుడు అలుగుని ముట్టుకుంటే జైలే. 1972 వన్యప్రాణి చట్టంలో దానికి అన్నిటికంటే పెద్ద రక్షణ ఉంది. అప్పుడు నాకు మన ఇంట్లో తాతగారి వీణ గుర్తొచ్చింది. దాని మీద దంతం పువ్వులు. ఆ చట్టమూ, దాని తర్వాతి సవరణలూ వచ్చి దంతం పోయి మనకి ప్లాస్టిక్ రేకులొచ్చాయి. ఒకే చట్టం ఇటు వీణకి దంతాన్ని, అటు కిన్నెరకి అలుగుని తీసేసింది. అది మంచిదే, ఏనుగూ అలుగూ బతకాలి కదా. మీరు ఇప్పటికీ ప్లాస్టిక్ పువ్వులు అతికిస్తూ గొణుగుతారు. ఆయన పైపు ముక్క పెట్టుకుని గొణగలేదు, అంతే తేడా.

"మీ వీణ ఎవరు వాయిస్తరు?" అన్నాడు. టీచరుగారు అన్నాను. "నువ్వు వాయించవా?" శ్రుతి చూసుకునేంత వచ్చు అన్నాను. ఆయన నావంక వింతగా చూశాడు. "జేసినోడు వాయించకపోతే ఎట్ల తెలుస్తది?" నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉందేమో రాయండి. సరళీస్వరాలు దాటి మీరు ఎప్పుడూ వాయించింది నేను వినలేదు.

కిన్నెర ఎంతకి అమ్ముతారు అని అడిగాను. "అమ్మితే నేనేం వాయించాలె? నీక్కావాలంటే నువ్వు జేస్కో, జూపిస్త" అన్నాడు.

ఈ మాట దగ్గర నా బుర్ర ఆగిపోయింది మావయ్యా. మన ఊళ్ళో చేసేవాడు వేరు, వాయించేవాడు వేరు. సర్వసిద్ధివారి ఇళ్ళల్లో తరతరాలుగా పనస దుంగ తొలుస్తున్నారు, ఎక్కడో సంస్థానంలో, కాలేజీలో, రేడియోలో ఎవరో వాయిస్తున్నారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారు, ద్వారం వేంకటస్వామినాయుడుగారి లాంటివారు అక్కడ పాఠం చెప్పారు, ఈమని శంకరశాస్త్రిగారు, చిట్టిబాబుగారు వీణని సినిమాలదాకా, విదేశాలదాకా తీసుకెళ్ళారు. వాయించేవాళ్ళు పెరిగితే ఆర్డర్లొచ్చాయి, ఆర్డర్లొస్తే పని నిలబడింది. బొబ్బిలి వీణకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మిరజ్‌లో సితార్లు, తంబురాలు చేసేవాళ్ళ సంగతీ అంతే. పూర్వం కత్తులకి సాన పట్టిన కుటుంబాలు ఆ పనిలోకి వచ్చాయంటారు. ఇటలీలో క్రెమోనా అని ఒక ఊరుంది, స్ట్రాడివారి అనే ఆయన వయొలిన్లు చేసిన ఊరు. ఆయన 1737లో పోయాడు. ఆ పని సన్నగిల్లి, 1938లో మళ్ళీ బడి పెట్టి నేర్పారు. 2012లో యునెస్కో వాళ్ళు ఆ ఊరి వయొలిన్ పనిని వారసత్వంగా గుర్తించారు. అన్నిచోట్లా ఒకటే ఏర్పాటు. చేసేవాడు ఒకడు, కొనేవాడు ఒకడు.

కిన్నెరకి కొనేవాడే లేడు. వాయించేవాడే చేసుకుంటాడు. కొడుకు వాయించాలనుకుంటే చేసుకోవడం కూడా నేర్చుకుంటాడు. అనుకోకపోతే రెండూ ఒకేరోజు పోతాయి. మన వీణ ఏ అటక మీద ఏళ్ళు పడి ఉన్నా మేళం కట్టి లేపగలం. ఆయన కిన్నెర అటకెక్కితే బుర్రలు పురుగుపట్టి, మైనం ఎండి, తాళ్ళు తెగి ఊడిపోతుంది. అలా ఊడిపోయేలాగే దాన్ని కట్టారు, ఎందుకంటే ప్రతి ముక్కా ఊళ్ళో మళ్ళీ దొరుకుతుందని నమ్మకం. వెదురు పొలంగట్టున, సొరకాయ పాక మీద, మైనం తేనెపట్టులో. ఇప్పుడు తీగ గిటారు కొట్టు చెత్తలో, మెట్టు సైటు దగ్గర పైపులో.

ఇంత చిన్నదని చులకన చెయ్యకండి. దీని వయసు మన వీణ వయసుకి తీసిపోదు. 13వ శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో కిన్నర బ్రహ్మయ్య కథ రాశాడు. బసవేశ్వరుడి కాలపు కల్యాణ పట్టణంలో కిన్నెర వాయించి బతికిన భక్తుడు ఆయన. ఆ సోమనాథుడే పండితారాధ్య చరిత్రలో వీణల పేర్లు వరసపెట్టి చెప్పాడు. తెలంగాణలో ఇప్పుడు కిన్నెర మిగిలింది ఎక్కువగా డక్కలివాళ్ళ దగ్గర. వాళ్ళు మాదిగల ఇళ్ళకి వెళ్ళి వాళ్ళ పురాణం చెప్పే ఆశ్రితులు. నల్లమల వైపు చెంచుల దగ్గర కూడా ఉంది.

మొగిలయ్యగారి పేరు మీరు టీవీలో వినే ఉంటారు. నాగర్‌కర్నూల్ జిల్లా అవుసలికుంట ఆయనది. ఆయన కిన్నెరకి పన్నెండు మెట్లు. 2021లో భీమ్లా నాయక్ పాట ఆయన గొంతుతోనే మొదలైంది, 2022లో పద్మశ్రీ వచ్చింది. అప్పటి ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటిస్థలం ప్రకటించింది. 2024లో మళ్ళీ పేపర్లలో పడ్డారు. నేను కిన్నెర విన్న ఆ సైటు నుంచి సాగర్ రోడ్డునే ఇంకాస్త ముందుకెళ్తే తుర్కయాంజాల్, అక్కడ ఓ ఇంటి కట్టడం దగ్గర కూలిపని చేస్తూ కనబడ్డారు. అదే 2024లో నారాయణపేట జిల్లా దామరగిద్ద దాసరి కొండప్పగారికి కూడా పద్మశ్రీ ఇచ్చారు, ఆయనది బుర్రవీణ. అదీ వెదురు, సొరబుర్రే. బిరుదులు వాయించేవాడికి ఇచ్చారు, ఇవ్వాల్సిందే. కానీ "నాకో కిన్నెర చేసిపెట్టు, ఇంత ఇస్తాను" అన్నవాడు ఒక్కడూ కనబడడు. బిరుదు వచ్చినరోజు ఫోటో వస్తుంది, ఆర్డరు వచ్చినరోజు పొయ్యి వెలుగుతుంది. మన గొల్లపల్లిలో ఈ తేడా ఎవరికీ చెప్పక్కర్లేదు.

నాకో ఆలోచన వచ్చింది, కోప్పడకుండా వినండి. గిటారు కుర్రాడు చెప్పాడు, హాస్టలు పిల్లలు కొత్త వాయిద్యం ఏది కనబడినా చేత్తో పట్టుకుని చూస్తారని. ఆ వాచ్‌మన్ పెద్దాయన చూపిస్తే నేను రెండు కిన్నెరలు కడతాను. ఒకటి కుర్రాడి కొట్లో గోడకి వేలాడుతుంది, అడిగినవాడికి ధర చెబుతాం, డబ్బు పెద్దాయనది. టీచరుగారు కూడా తన పిల్లలకి ఒకసారి వినిపించమన్నారు. ముందు డబ్బు సంగతి తేల్చుకునే ఒప్పుకున్నాను. ఊరికే వచ్చి వాయించండి అని పిలవడం నాకు ఇష్టం లేదు. వీణ మేళం ఎవరైనా ఊరికే కట్టిస్తారా?

పెద్దాయన నవ్వి, "నువ్వు జేసినదాన్ని నేను వాయిస్త గని, నువ్వు ఒక్క కత నేర్సుకోవాలె" అని షరతు పెట్టాడు. నా గొంతు సంగతి మీకు తెలుసు. సరే అన్నాను.

ఇప్పుడు మీరు చెయ్యాల్సిన పనులు. మన పెరట్లో పందిరి మీద పెద్ద గుండు సొరకాయలు రెండు తీగకే ఎండుతున్నాయి, వాటిని కొయ్యకండి. గింజలు గలగలలాడాక మాత్రమే కోసి, మూతి కొయ్యకుండా అలాగే పంపండి. ఇక్కడ సైటులో దొరికే బుర్రలు పలచన, పెద్దాయన తట్టి చూసి పక్కన పడేస్తున్నాడు. గింజలు కూడా ఒక పొట్లం పంపితే వాచ్‌మన్ గది పక్కన తీగ పాకించుకుంటానంటున్నాడు. గుగ్గిలం కలపని తేనెమైనం ఓ కిలో కావాలి, మీ డబ్బాలోది కాదు, కొండవాళ్ళు సంతకి తెచ్చేది. బొబ్బిలి నుంచి ఎవరు బయల్దేరినా నాగావళిలో పంపించండి, సికింద్రాబాదు స్టేషనుకి నేనొస్తాను.

టీచరుగారిచ్చిన డబ్బు మీ ఖాతాలో వేశాను, సరిచూసుకోండి. తిరుగు టికెట్టు వినాయక చవితి దాటాకకి మార్చుకున్నాను. అత్తయ్యకి మీరే చెప్పాలి. కోపమొస్తే గిటారు మెడలో ఇనుపఊచ సంగతి చెప్పండి, ఆ విడ్డూరం విని సగం చల్లబడుతుంది.

మీ మేనల్లుడు.